నేల సంగతి నేల చూసుకుంటుంది

కప్పు కడిగి బోర్లించేటప్పుడు చప్పుడు రాకుండా ఉండాలంటే ఒక పద్ధతి ఉంది. ముందు అంచు కింద చిటికెన వేలు పెట్టాలి. కప్పు ఆ వేలి మీద వాలుతుంది. తర్వాత వేలు మెల్లగా లాగేసుకోవాలి. పళ్ళేల కింద గుడ్డ పరుచుకోవాలి. గరిటెలు ఒక్కొక్కటే పెట్టాలి, అన్నీ ఒకేసారి పెడితే ఇల్లంతా లేస్తుంది. ఇవన్నీ నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఒక పొద్దున నా చేతిలోంచి మూత జారి, గింగిరాలు కొడుతూ వంటగది ఈ చివర నుంచి ఆ చివర దాకా మోగుకుంటూ పోయింది. మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "మా ఇంట్లో గిన్నెలు మాట్లాడవమ్మాయ్" అన్నారు. కోప్పడలేదు, గొంతు కూడా పెంచలేదు. ఆ రోజు నుంచి నా చేతుల్లో ఏ వస్తువూ నోరు విప్పలేదు.

ఆ పొద్దున కూడా అదే పద్ధతిలో కప్పులు కడుగుతున్నాను, ఇల్లు మాది కాకపోయినా. సెలవులకని ముగ్గురు స్నేహితురాళ్ళం కలిసి, కొండ కింద ఊళ్ళో వారం రోజులకి అద్దెకు తీసుకున్న ఇల్లది. మిగతా ఇద్దరూ నిద్రలో ఉన్నారు కదా అని నీళ్ళ ధార కూడా సన్నగా వదిలాను. చివరి కప్పు బోర్లించి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో పొడుగు నిలబడి ఉంది, చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద. హాస్టల్ రోజుల నుంచీ దాన్ని మేం పొడుగు అనే పిలుస్తాం. ఇంకో చేతిలో చీపురుంది. వరండా ఊడ్చి వస్తోందట. దాని వెనకాల మా మూడోది, మేం టీచరని పిలిచేది, మడతపెట్టిన దుప్పట్లు గడ్డం దాకా మోసుకుంటూ.

"నువ్వు పడుకున్నావనుకున్నానే" అంది పొడుగు గుసగుసగా.

"నేనూ మీరు పడుకున్నారనే అనుకున్నా."

"నేను మీ ఇద్దరూ పడుకున్నారని ఊపిరి బిగబట్టుకుని దుప్పట్లు మడతపెట్టాను" అంది టీచరు. "సెలవులకొచ్చి, దొంగల్లా ఇంటిపని చేసుకుంటున్నామే ముగ్గురం."

నవ్వాగలేదు మాకు. అయినా నోటికి చేతులు అడ్డం పెట్టుకునే నవ్వాం. లేపడానికి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరన్న సంగతి మాకు నవ్వయిపోయాక తట్టింది.

నవ్వాను గానీ నా కడుపులో ఒక మాట దాచుకుని ఉన్నాను. ముందు రోజు సాయంత్రం మా ఆయన ఫోన్ చేశారు. మా అత్తగారు పడిపోయి తుంటి విరిగినప్పటి నుంచి మంచం, కుర్చీ, మళ్ళీ మంచం, ఇదే ఆవిడ లోకం. ఆ మంచానికీ కుర్చీకీ మధ్య దారి నేను. ఈ ప్రయాణం గురించి చెప్పినప్పుడు మా ఆయన కాదనలేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. "వెళ్ళిరా. తమ్ముణ్ణి కూడా వచ్చి ఉండమంటాను. ఇద్దరు మగాళ్ళం ఉండి ఒక్క ముసలావిణ్ణి చూసుకోలేమా" అన్నారు. నేను అన్నీ సర్ది, వివరంగా చెప్పబోతే, "అబ్బా, తెలుసులేవోయ్" అని టీవీ వైపు తిరిగారు. మూడో రోజుకే ఆ ఇద్దరు మగాళ్ళూ చేతులెత్తేశారు.

"నా నడుం పట్టేసింది, వాడి భుజం పట్టేసింది" అన్నారు ఫోన్‌లో. "అమ్మని కుర్చీలోకి దించడం మా వల్ల కావట్లేదు. నిన్నటి నుంచి మంచం మీదే ఉంచాం. నీకైతే అలవాటు కదా. రేపు ఆ ఊరేదో చూసేసి, ఎల్లుండి పొద్దున్నే బస్సెక్కెయ్. సరదాలెక్కడికి పోతాయి, మళ్ళీ వెళ్దువుగాని."

మాటల్లో విసుగు కూడా లేదు. ఉప్పు అయిపోయింది, వచ్చేటప్పుడు తెచ్చెయ్ అన్నంత మామూలుగా అన్నారు. సరే అన్నాను. నిన్నటి నుంచి ఆవిడ అలా వెల్లకిలా పడుకునే ఉన్నారంటే వీపు ఏమైపోతుందో నాకు తెలుసు. తెలిసినవాళ్ళే వెళ్ళాలి కదా మరి. పొద్దుటి బస్సు ఎన్నింటికో కూడా కనుక్కుని పెట్టుకున్నాను. ఆ సంగతి స్నేహితురాళ్ళకి ఎలా చెప్పాలో తెలియక కప్పులు కడుగుతూ కూర్చున్నానన్నమాట.

నీకు అలవాటు కదా. ఈ మాటని నేను ఎన్ని గొంతుల్లో విన్నానో. నేను కంటి ఆసుపత్రిలో రోగుల పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చుంటాను. అక్కడ తాగేనీళ్ళ డబ్బా ఖాళీ అయితే మార్చేది నేను. నాకంటే వయసులో చిన్నవాళ్ళు, కండలు తిరిగినవాళ్ళు, ఖాళీ డబ్బా ముందు గ్లాసు పట్టుకుని నిలబడి నా వైపు చూస్తారు. "మీకైతే అలవాటు మేడమ్" అంటారు, మర్యాదగానే. అలవాటు అనేది నాకు పుట్టుకతో వచ్చిన పుట్టుమచ్చ అయినట్టు. మొదటిసారి అత్తగారిని ఎత్తినప్పుడు నా మోకాళ్ళు ఎలా వణికాయో, ఆవిడ గోళ్ళు నా భుజంలోకి ఎలా దిగాయో, ఇద్దరం మంచం మీదికి కూలబడి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేక ఎటో చూస్తూ ఎంతసేపు కూర్చున్నామో ఎవరికీ తెలియదు. అన్నేళ్ళూ ఒక ఇంట్లో ఉండి ఒకరినొకరు ముట్టుకోని అత్తాకోడళ్ళం, ఇప్పుడు పొద్దున్నా సాయంత్రం రాత్రీ కౌగిలించుకుంటున్నాం. లేపే ముందు ప్రతిసారీ ఆవిడ నా చెవి దగ్గర "జాగ్రత్త" అంటారు. తన కోసం అంటున్నారో నా కోసం అంటున్నారో నేనెప్పుడూ అడగలేదు.

ఆ రోజు మా కార్యక్రమం కొండ మీద ఉన్న క్రీడా శిక్షణ కేంద్రం చూడటం. ఇది పొడుగు పట్టుదల. దేశం మొత్తం మీద ఏరి తెచ్చిన క్రీడాకారులకి అక్కడ తర్ఫీదిస్తారు, పొద్దుటిపూట చూడ్డానికి బయటివాళ్ళని రానిస్తారు. పొడుగు ఇస్త్రీ చేసుకుంటూ టీవీలో ఆటల పోటీలన్నీ చూస్తుంది. బరువులెత్తే ఆడపిల్లలంటే దానికి ప్రాణం. "ఏంటే ఆ దున్నపోతుల్ని చూడ్డం, వార్తలు పెట్టు" అని వాళ్ళాయన అంటే, "చొక్కాలు మీరు ఇస్త్రీ చేసుకుంటానంటే వార్తలు పెడతా" అని చెప్పిందట. ఆ ఇంట్లో ఇప్పటికీ పోటీలే నడుస్తున్నాయి.

కొండ మీదికి బస్సులో వెళ్ళాం. మమ్మల్ని తిప్పి చూపించడానికి ఒక గైడు అమ్మాయి వచ్చింది. ఒకప్పుడు పరుగులో ఉండేదట, చకచకా నడుస్తూనే మాట్లాడుతుంది. ఫోన్లు మోగకుండా చేసుకోమంది. మోగకుండా చేసుకున్నాను గానీ, జేబులో పెట్టుకున్న ఫోన్ నా తొడకి ఆనుకుని గుర్రుమంటూనే ఉంది. మా ఆయనే అయ్యుంటారు, బస్సు సంగతి కనుక్కుందామని.

మొదట ఈత కొలనుకి తీసుకెళ్ళింది. పైకి కాదు, కిందికి. మెట్లు దిగితే నీళ్ళకి అడుగున అద్దాల గది. ఒక అమ్మాయి మా తలల మీదుగా ఈదుకుంటూ వెళ్ళింది. ఆ గదిలో నలుగురు కుర్చీలేసుకుని తెర మీద ఆ పిల్ల మోచేతిని చూస్తున్నారు. మనిషిని కూడా కాదు, ఒక్క మోచేతిని. అది నీళ్ళలోకి దిగేటప్పుడు కాస్త పక్కకి పోతోందట. "రెండేళ్ళు ఇలాగే ఈదితే భుజం పోతుంది, అందుకే ఇప్పుడే సరిచేస్తున్నారు" అంది గైడు. నాకు ఈర్ష్య పుట్టాల్సింది. నిజంగానే పుట్టలేదు. ఒక ఆడపిల్ల మోచెయ్యి గురించి నలుగురు పెద్దవాళ్ళు నొసలు ముడేసుకుని ఆలోచించే గది ఒకటి ఈ భూమ్మీద ఉందని కళ్ళారా చూసినందుకు నాకు కళ్ళు చెమర్చాయి. నా కుడి భుజం సంగతి ఒకసారి మా ఆయనతో చెప్తే, "ఈ వయసులో అందరికీ ఉండేవేగా" అన్నారు. అవును, అందరికీ ఉండేవే. ఆ పిల్లకి కూడా వచ్చేదే. రాకముందే చూసేవాళ్ళున్నారు, అంతే తేడా.

తర్వాత ఒక పొడవాటి వసారాలోకి వెళ్ళగానే గైడు అమ్మాయి మాటలాపి, వేలు పెదాల మీద పెట్టుకుంది. ఎదురొచ్చే వంటవాడు తోపుడుబండి ఆపేసి, చక్రాలకి చుట్టిన గుడ్డ సర్దుకుని మరీ కదిలాడు. తెల్లకోటు వేసుకున్న డాక్టరు బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. ఒక తలుపు మీద పలక వేలాడుతోంది: శిక్షణ జరుగుతోంది, చప్పుడు చేయవద్దు.

"లోపల ఏం నేర్పుతున్నారు?" అని టీచరు గుసగుసగా అడిగింది.

"అమ్మాయిలు నిద్రపోతున్నారండీ" అంది గైడు. "పొద్దుటి పరుగయ్యాక పడుకోవాలి. అది కూడా పనిలో భాగమే. ఎగ్గొడితే కోచ్ తిడతారు."

మేం ముగ్గురం ఆ తలుపు ముందు మొహమొహాలు చూసుకున్నాం. మునివేళ్ళ మీద నడవడం మాకు కొత్త కాదు. ఒక డాక్టరు బూట్లు విప్పుకుని, ఒక వంటవాడు చక్రాలకి గుడ్డ చుట్టుకుని నడవడం, అదీ లోపల ఆడపిల్లలు నిద్రపోతున్నందుకు, ఇది కొత్త. టీచరు కాసేపు ఆ పలక వంకే చూసి, "మా ఇంట్లో పడకగదికి ఒకటి కొట్టించుకుంటాను" అంది.

చివరికి పొడుగు ఎదురుచూస్తున్న చోటికి వచ్చాం. బరువులెత్తే హాలు. తలుపు తీయగానే ఆ శబ్దానికి ఉలిక్కిపడి టీచరు నా చెయ్యి పట్టుకుంది. దఢేల్, దఢేల్ అని ఎక్కడికక్కడ ఇనుప కమ్మీలు పైనుంచి కింద పడుతున్నాయి. రెండు చివర్లా లావుపాటి రబ్బరు చక్రాలు, పడగానే నేల అదిరి, నా అరికాళ్ళలోంచి మోకాళ్ళ దాకా వచ్చింది ఆ అదురు. ఆడపిల్లలు, మగపిల్లలు తలల మీదికి ఎత్తుతున్నారు, వదిలేస్తున్నారు, చేతులకి సుద్దపొడి రాసుకుని మళ్ళీ వస్తున్నారు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోవట్లేదు.

అక్కడి కోచ్ ఆడమనిషే. మా వయసే ఉంటుంది, పొట్టిగా, గట్టిగా, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుని ఉంది. పొడుగు ఆవిడని ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసింది. కొత్తగా వచ్చిన పిల్లలకి ముందు ఏం నేర్పుతారని అడిగితే, ఎత్తడం గురించి చెప్తుందని చెవులు నిక్కించుకున్నాం.

"వదిలెయ్యడం" అంది కోచ్.

"అంటే?"

"బరువు చెయ్యి దాటిపోతోందని తెలిసినప్పుడు దాని కింద నుంచి పక్కకి తప్పుకుని వదిలెయ్యడం. అది రానివాళ్ళకి ఎత్తడం నేర్పను. ఎందుకంటే వాళ్ళు చివరి దాకా పట్టుకుని ఉంటారు. గాయాలన్నీ అక్కడే అవుతాయి." మా ముగ్గురి వంకా ఒకసారి చూసి, "మీరూ చూడండి. తేలికపాటిది ఇస్తాను" అంది.

మాకు సిగ్గు ముంచుకొచ్చింది. కానీ పొడుగు అప్పటికే చేతులకి సుద్దపొడి రాసుకుంటోంది. చిన్న చక్రాలున్న కమ్మీ ఒకటి ముందు పెట్టారు. నడుం దాకా ఎత్తి, చేతులు తెరిచి, ఒక అడుగు వెనక్కి వెయ్యాలి, అంతే.

పొడుగు బాగానే ఎత్తింది. "వదలండి" అంది కోచ్. పొడుగు వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, నిద్రపోతున్న పసిపిల్లని పక్క మీద వేసినట్టు కమ్మీని నేల మీద పెట్టింది. పెట్టి ఊరుకోలేదు, నేల మీద గీతకి సరిగ్గా ఉందో లేదో చూసి సర్దింది కూడా.

"పెట్టొద్దు, వదలండి" అంది కోచ్.

టీచరు వంతు వచ్చింది. అదీ అంతే. పైపెచ్చు కింద పెట్టాక, తన చేతి సుద్ద కమ్మీకి అంటుకుందని రుమాలు తీసి తుడిచింది. కోచ్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని చూస్తోంది. "ఈ కేంద్రం చూడ్డానికి వచ్చే ఆడవాళ్ళందరూ ఇంతే" అంది. "మగవాళ్ళు ఎత్తడానికి అవస్థ పడతారు. మీరు వదలడానికి."

నేను కమ్మీ దగ్గరికి వెళ్ళాను. కాళ్ళు వెడల్పుగా పెట్టి, మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి లేపాను. నాకు ఇంకెలా లేపాలో తెలియదు. కోచ్ ముందుకొచ్చి నా చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇంతకుముందు ఎత్తారా మీరు?"

"మా అత్తగారిని" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"రోజూనా?"

"రోజూ."

"పక్కన ఎవరుంటారు?"

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. ఆవిడ వేలెత్తి హాలులో ఒక మూలకి చూపించింది. అక్కడ ఒక అమ్మాయి భుజాల మీద బరువు పెట్టుకుని కూర్చుని లేస్తోంది. ఆ చివర ఒకళ్ళు, ఈ చివర ఒకళ్ళు నిలబడి ఉన్నారు. కమ్మీని ముట్టుకోవట్లేదు, కానీ వాళ్ళ చేతులు దాని కింద, బెత్తెడు దూరంలో, ఆ అమ్మాయితో పాటే దిగుతున్నాయి, లేస్తున్నాయి. మా ఇంట్లో కూడా పక్కన మనుషులుంటారు. మా ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడి, "అయ్యిందా, కాఫీ పెడతావా" అంటూ ఉంటారు. చెడ్డవాడేం కాదు. చేతులు జేబుల్లో ఉంటాయంతే.

"ఎవరూ ఉండరు" అన్నాను.

ఆ క్షణంలోనే జేబులో ఫోన్ మళ్ళీ గుర్రుమంది. రెండు చేతుల్లోనూ కమ్మీ ఉంది. ఆగింది, మళ్ళీ మొదలెట్టింది. ఫోన్ తియ్యాలంటే ముందు ఇది కింద పెట్టాలి. నా మోకాళ్ళు వాటంతటవే వంగడం మొదలెట్టాయి.

"వంగకండి" అంది కోచ్. "వదిలెయ్యండి."

వేళ్ళు తెరుచుకోవు. నేను తెరవననలేదు, అవే తెరుచుకోలేదు. వాటికి ఆ పని ఎప్పుడూ చెప్పలేదు కదా. కింద పడితే చప్పుడవుతుంది. చప్పుడైతే ఎవరో లేస్తారు, ఎవరో గుమ్మంలోకి వస్తారు. నేల పగులుతుంది. ఇల్లు నాది కాదు. భుజంలో నొప్పి మొదలైంది. అది కూడా అలవాటైన నొప్పే.

"నేల పాడవుతుందేమో" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

కోచ్ నా ఎదురుగా వచ్చి నిలబడింది. "దీన్ని ఇందుకే వేశారు. కింద పొరలు పొరలుగా రబ్బరుంది, చెక్కుంది. మీరు దాని గురించి బాధపడకండి. నేల సంగతి నేల చూసుకుంటుంది."

వదిలేశాను.

దఢేల్‌మంది. కమ్మీ ఒకసారి ఎగిరి, దొర్లి, ఆగింది. నా దవడలు అదిరాయి. నేను గుమ్మం వైపు చూశాను. గుమ్మంలోకి ఎవరూ రాలేదు. హాలులో ఒక్కరు కూడా తల తిప్పి చూడలేదు. పక్కనున్న కుర్రది సుద్దపొడి రాసుకుంటూనే ఉంది. అంత పెద్ద చప్పుడు చేసి కూడా నేనెవరికీ ఏమీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేకపోయింది. అప్పుడొచ్చింది ఏడుపు. ఏడుస్తూనే నవ్వాను. పొడుగు నన్ను తోసేసి, "నాకూ, నాకూ" అంటూ కమ్మీ అందుకుంది. ఈసారి అదీ వదిలింది, టీచరూ వదిలింది. టీచరు ఎన్నిసార్లు వదిలిందో లెక్కలేదు, చివరికి గైడు అమ్మాయి వచ్చి మా వెనకాల వేరేవాళ్ళున్నారని బతిమాలుకోవాల్సి వచ్చింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఎండ వెచ్చగా ఉంది. కింద ఊరు, మేం అద్దెకున్న ఇల్లు, మా వరండా కనిపిస్తున్నాయి. మా ముగ్గురి చేతులూ సుద్దతో తెల్లగా ఉన్నాయి, ఎవరం కడుక్కోలేదు.

"రేపు పొద్దున వెళ్ళిపోదామనుకున్నాను" అన్నాను.

"తెలుసు" అంది పొడుగు. "టీ తాగాక ఒక్క కప్పుని మూడుసార్లు కడిగావు పొద్దున. అప్పుడే అనుకున్నాను, దీనికి ఇంటి నుంచి ఫోనొచ్చిందని."

అడ్డుపడలేదు ఇద్దరూ. ఉండిపోవే అని కూడా అనలేదు. నా చెరోపక్కనా కూర్చున్నారు, అంతే. వాళ్ళు అలా కూర్చున్నందుకు నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. హాస్టల్లో నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఇలాగే, నా మంచానికి చెరోపక్కనా కూర్చుని నన్నేమీ అడక్కుండా పేకాడుకునేవాళ్ళు. బెత్తెడు దూరంలో చేతులు పెట్టుకుని నిలబడేవాళ్ళు నాకు లేకపోలేదు. నేనే వాళ్ళని ఇన్నేళ్ళు ఇంటికి పిలవలేదు.

నేను ఆలోచించింది అత్తగారి గురించే. ఆవిడ ఇనుప కమ్మీ కాదు, వదిలేసి ఒక అడుగు వెనక్కి వెయ్యడానికి. ఆవిడని ఎత్తడం నాకు బరువనిపించిన రోజు నిజానికి లేదు. చెవి దగ్గర ఆవిడ వెచ్చటి ఊపిరి తగిలినప్పుడు, నా మీద ఇంత నమ్మకంగా ఒంటినంతా ఆనించేసిన మనిషి ఇంకెవరున్నారు అనిపిస్తుంది. నా చేతులు నొప్పెట్టింది ఆవిడని మోయడం వల్ల కాదు. నేను లేకపోతే ఆవిడ లేవరు అన్న మాటని మోయడం వల్ల. ఆ మాట మా ఆయనా, మా మరిదీ నా చేతిలో పెట్టి, హాయిగా జేబుల్లో చేతులు పెట్టుకున్నారు. దాన్ని వదిలితే ఏమవుతుంది? చప్పుడవుతుంది.

ఫోన్ తీశాను. ఒక్క రింగుకే ఎత్తారు.

"ఎన్నిసార్లు చేశానో తెలుసా. బస్సు టికెట్ తీసుకున్నావా?"

"లేదండీ. రావట్లేదు. అనుకున్న రోజుకే వస్తాను."

"అదేంటి. అమ్మ సంగతో?"

"అందుకే చేశాను. స్పీకర్ పెట్టి, మీ తమ్ముణ్ణి పిలిచి, అత్తయ్య మంచం దగ్గరికి వెళ్ళండి. నేను చెప్తాను, మీరు చెయ్యండి."

అవతల కాసేపు ఏ శబ్దమూ లేదు. ఇలాంటి నిశ్శబ్దాన్ని ఎప్పుడూ నేనే నింపుతాను. సరేలెండి వచ్చేస్తాను అని. ఈసారి ఊరుకున్నాను. నేల సంగతి నేల చూసుకుంటుంది అనుకుంటూ ఊరుకున్నాను.

"ఉండు" అన్నారు చివరికి. అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం వినిపించాయి. "ఆ, చెప్పు."

"మొన్న ఎలా లేపారు?"

"ఎలా ఏముంది, నేను చంకల కింద చేతులేశాను, వాడు కాళ్ళు పట్టుకున్నాడు."

"మూటని ఎత్తినట్టు. లేపే ముందు ఆవిడకి చెప్పారా?"

"చెప్పడమేంటి?"

"చెప్పాలండీ. లేపుతున్నామమ్మా అని చెప్తే, ఆవిడే సగం లేస్తారు. ముందు పక్కకి తిప్పి కూర్చోబెట్టండి. కాళ్ళు నేలకి ఆనాలి. మీరు ఎదురుగా నిలబడండి, మోకాళ్ళు వంచండి, నడుం వంచకండి. మీ మోకాళ్ళు ఆవిడ మోకాళ్ళకి తగలాలి. ఆవిడ చేతులు మీ భుజాల మీద వేసుకోనివ్వండి."

"వదినా, నేనేం చెయ్యాలి?" అన్నాడు మా మరిది.

"నువ్వు పక్కన నిలబడు. చేతులు ఆవిడ నడుం దగ్గర పెట్టు. పట్టుకోకు. అవసరమైతే పట్టుకునేంత దగ్గరగా ఉంచు."

ఊపిరులు వినిపిస్తున్నాయి, బట్టల రాపిడి. పొడుగూ టీచరూ నా చెరో భుజానికీ తలలానించి వింటున్నారు. "అమ్మా, లేపుతున్నామే" అన్నారు మా ఆయన. ఆయన గొంతు అంత మెత్తగా నేను విని చాలా ఏళ్ళయింది. తర్వాత సన్నగా, నాకు అలవాటైన మాట వినిపించింది. "జాగ్రత్త" అన్నారు అత్తగారు. ఇన్నేళ్ళకి తెలిసింది నాకు, అది ఎత్తేవాళ్ళ కోసం అనే మాట అని. కుర్చీ కాస్త జరిగిన చప్పుడైంది. ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

"ఇంతుందా దీంట్లో" అన్నారు మా ఆయన. నాతో అనలేదు, ఎవరితోనూ అనలేదు. అయినా ఆ మాట నేను జాగ్రత్తగా దాచుకున్నాను. ఆలస్యంగా వచ్చినా అది నాకు రావలసిన మాటే, వచ్చినందుకు సంతోషంగానే ఉంది.

"అత్తయ్యా, కూర్చున్నారా?" అని అడిగాను.

"కూర్చున్నానమ్మాయ్. పెద్దాడు కాస్త అటూ ఇటూ ఊపాడు గానీ పడెయ్యలేదు. కిటికీ కనిపిస్తోందిప్పుడు." ఎప్పుడొస్తావని అడుగుతారనుకున్నాను. "ఎక్కడున్నావు? ఏం చూశావు అక్కడ?" అన్నారు.

ఏం చూశావని నన్నెవరూ అడగరు. ఏం వండావని అడుగుతారు, ఎంతకి వస్తావని అడుగుతారు. అద్దాల గది, మోచెయ్యి, బూట్లు విప్పుకున్న డాక్టరు, అన్నీ ఒక్కసారి నాలిక మీదికొచ్చాయి. చివరికి, "ఇనుప కమ్మీ ఎత్తి కింద పడేశానత్తయ్యా" అన్నాను.

"పడేశావా? నువ్వా?"

"నేనే. కావాలనే."

"చప్పుడైందా?"

"బాగా అయింది. హాలంతా అదిరింది."

నేను ఎదురుచూశాను. గుమ్మంలో నిలబడి చెప్పిన ఆ పాత మాట వస్తుందేమోనని ఆ వయసులోనూ నా వీపు బిగుసుకుంది.

"మా అత్తగారింట్లో మూత పడితే ఆ పూట నాకు అన్నం ఉండేది కాదు" అన్నారు. "నేను కూడా వింటే బావుండేది" అన్నారు.

నా చేతి సుద్ద ఫోన్‌కి అంటుకుని ఉంది. తుడవలేదు.

"రేపు పొద్దున నేను బస్సెక్కట్లేదు కదా, మళ్ళీ ఇక్కడికే వస్తాను" అన్నాను. "ఆ కోచ్‌ని అడుగుతాను, ఒప్పుకుంటుంది. కుర్చీలో కూర్చుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకోండి, మీకు వినిపిస్తాను."

"పెట్టుకుంటాను" అన్నారు అత్తగారు. "కాస్త పైనుంచి వదులమ్మాయ్."